గొంతుగవి పలికిన మాట

ఎలుగుబంటి పేడలో బంగారం దొరికిందంటే ఎవరూ నమ్మరు. ఈదమ్మ కూడా ముందు నమ్మలేదు.

నల్లమల నడిగర్భంలో, గొంతుగవి చరియ మొదట్లో, ఆమె గొంతుక్కూర్చుని పుల్లతో పేడ కెలుకుతోంది. పొద్దు బారెడు ఎక్కింది. వైశాఖం ఎండకు బండలు అప్పుడే కాలుతున్నాయి. పేడ కెలకడం ఏమిటని మనం ముక్కు మూసుకోవచ్చు గాని, చెంచువాళ్ళకు అదొక చదువు. ఎలుగు నిన్న ఏం తిన్నది, ఎటు నుంచి వచ్చింది, ఎంత ఆకలి మీద ఉంది, అన్నీ అందులోనే తెలుస్తాయి. చెదపురుగుల తలలు, తునికి గింజలు, నమిలిన మైనం. ఆ మైనంలో ఏదో తళుక్కుమంది.

వేలితో చిదిమితే కందిబద్దంత బిళ్ళ బయటపడింది. వాగులో కడిగి ఎండకు పట్టుకుంది. పచ్చటి బంగారం. దాని మీద గోటితో గీసినట్టు చిన్న పంది బొమ్మ. మళ్ళీ కెలికింది. ఇంకొకటి. ఆ పక్కనే మూడోది.

"ఏం మగరాయుడా! ఎలుగ్గొడ్డుకు వైద్యం చేస్తాండావా?"

ఈదమ్మ పిడికిలి మూసి గిర్రున తిరిగింది. వాగు అవతల అంజనం సుంకులయ్య నిలబడి ఉన్నాడు. తమలపాకు మీద కాటుక పూసి, అందులో చూసి గుప్తనిధుల జాడ చెబుతానంటాడు. పదిహేనేళ్ళుగా నల్లమలలో ప్రతి పాడుగుడి వెనకా తవ్వాడు. ఇంతవరకూ దొరికినవి రెండు తేళ్ళు, ఒక జ్వరం.

"ఏమీ లేదు, పో" అంది ఈదమ్మ.

"ఏమీ లేకపోతే పిడికిలెందుకు? తెరువు!"

"తెరిస్తే నీ ముక్కు మీద తెరుస్తా."

అన్నంత పనీ చేస్తుందని సుంకులయ్యకు తెలుసు. పద్నాలుగేళ్ళ ఆ పిల్లను గూడెమంతా మగరాయుడనే పిలుస్తుంది. జుట్టు మెడ దాకా కత్తిరించుకుంటుంది. చచ్చిపోయిన తండ్రి చొక్కా చేతులు మడిచి తొడుక్కుంటుంది. గులకరాయితో ఉడతను కొడుతుంది, చెట్టెక్కితే కోతికన్నా పైకి పోతుంది. "దీన్ని చేసుకునేవాడు ఎక్కడున్నాడో, వాడికి గాజులు కొనిపెట్టాలి" అని ఆడవాళ్ళు నవ్వుతారు. ఈదమ్మా వాళ్ళతో పాటే నవ్వేస్తుంది.

కాని ఇప్పుడు ఆమె నవ్వడం లేదు. తల వెనక్కి వాల్చి పైకి చూస్తోంది.

నిట్టనిలువు రాతిగోడ. కింది నుంచి చూస్తే మెడ పట్టేస్తుంది. అంత ఎత్తున, ఎవరో నోరు తెరిచినట్టు నల్లటి గుహ. అదే గొంతుగవి. దాని పై పెదవి కింద మంచాలంతేసి తేనెతుట్టెలు వేలాడుతున్నాయి. నిన్నటి ఈదురుగాలికి ఒక తుట్టె విరిగి కింద పడింది. ఎలుగు వచ్చి తిన్నది. మైనంతో పాటు ఈ బిళ్ళలనూ మింగింది.

ఆమె చూపు ఎటు పోయిందో సుంకులయ్య చూపూ అటే పోయింది. అతను వాగులో చెప్పులతోనే దిగి వచ్చేశాడు.

"నీ చేతిలో పచ్చగా మెరిసింది చూసినాలే! పంది బొమ్మ ఉంది కదూ? చెప్పు! పాలెగాడి రూకలు! సైన్యం తరుముకొస్తా ఉంటే పాలెగాడు ఖజానా కడవను తాళ్ళతో ఆ గవిలోకి దింపించినాడంట. దింపిన మనుషులు బయటపడి చెప్పకుండా పైనుంచి తాళ్ళు కోయించినాడంట. ఉత్త కతనుకుంటి గదే! మీద తుట్టె కట్టేసింది, అందుకే ఇన్నాళ్ళూ నా అంజనంలో కనపళ్ళా!"

ఈదమ్మ అతని మాటలు సగమే విన్నది. ఆమె బుర్రలో ఒకే ఆలోచన గింగిరాలు తిరుగుతోంది. గవి లోపల కడవ నిలిచేంత నేల ఉంది. కడవ ఆగినచోట మనిషి ఆగడా?

ఐదేళ్ళ కింద ఆమె తండ్రి బయన్న తేనె కోయడానికి ఈ చరియ మీదుగానే తాడుతో దిగాడు. తాడు ఒట్టిగా పైకి వచ్చింది. కింద మూడు రోజులు వెతికారు. శవం లేదు, నెత్తురు లేదు, చొక్కా గుడ్డముక్క లేదు. గవి మింగిందన్నారు. ఆ రోజు పైన తాడు పట్టింది అంకన్న. ఈదమ్మ తల్లికి సొంత తమ్ముడు.

"సుంకులయ్యా, బంగారం కావల్లనా నీకు?" అని ఈదమ్మ ఉన్నట్టుండి అడిగింది.

"ఇదేం ప్రశ్న పిల్లా?"

"అయితే నీ బ్యాటరీ లైటు తీసుకోని నా ఎనక రా. నేను దిగుతా."

* * *

అంకన్న గూడెంలో ఉండడు. ఉండనివ్వలేదు. ఏటి మలుపులో ఒంటరి గుడిసె. నలభై దాటలేదు గాని ముసలివాడిలా కనిపిస్తాడు. ఈదమ్మ వెళ్ళేసరికి వాకిట్లో బుట్ట అల్లుతున్నాడు. మేనకోడలిని చూసి చేతిలో వెదురుబద్ద జారవిడిచాడు. ఐదేళ్ళలో ఆ పిల్ల అతని గడప దగ్గరికి రావడం ఇదే మొదలు.

"మామా, తాడు తియ్" అంది ఈదమ్మ.

"యా తాడమ్మీ?"

"మా నాయనకు పట్టినావే, ఆ తాడు."

అంకన్న ముఖంలో నెత్తురు ఇంకిపోయింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. తేనె కోసే చెంచువాడు చరియ మీదుగా దిగితే పైన తాడు పట్టేది అన్న కాదు, తమ్ముడు కాదు, కన్నకొడుకు కూడా కాదు. పెళ్ళాం తోడబుట్టినవాడు. తన అక్కచెల్లెళ్ళ బతుకు ఆ తాడుకు వేలాడుతోందని తెలిసినవాడి చెయ్యి జారదు. తాతల నాటి నుంచి అదే కట్టు. తాడు మీద ఉన్నవాడు నోరెత్తకూడదన్నది ఇంకో కట్టు. ఒక గుంజు గుంజితే దించాలి, రెండు గుంజితే ఆపాలి, మూడు గుంజితే పైకి లాగాలి. అంతే.

"బావ వదులు అన్నాడు, నేను తాడు వదులు చేసినా" అని ఆ రోజు అంకన్న చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. తాడు మీద వేలాడే మనిషి వదులు అంటాడా? దానికి రెండు రోజుల ముందే వేటకుక్క విషయంలో బావాబావమరుదులు తిట్టుకున్నారు కూడా. ఈదమ్మ తల్లి పోలమ్మ తమ్ముడి ముఖం చూడటం మానేసింది. ఒక్క మాట ఆడలేదు. తిట్టనైనా తిట్టలేదు.

"ఈ చేతులతో మళ్ళా తాడు ముట్టనని ఒట్టు పెట్టుకున్నానమ్మీ" అన్నాడు అంకన్న.

"సరే. సుంకులయ్య పడతాడు."

అంకన్న సుంకులయ్య వైపు చూశాడు. సుంకులయ్య చేతులు వెనక్కి దాచుకున్నాడు. అవి పూజకు నిమ్మకాయలు కోసే మెత్తటి చేతులు.

"నీకు పిచ్చి పట్టిందా? ఆడపిల్లవు! మన కొండల్లో ఆడది తాడు మీద దిగినట్టు యాడన్నా విన్నావా?"

"మగరాయుడని మీరే గదా పేరు పెట్టినారు. ఇప్పుడు ఆడదాన్నయిపోతినా?" ఈదమ్మ అతని ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. గొంతు తగ్గించింది. "మామా, నిజం చెప్పు. నువ్వు నాయన్ను పడేసినావా?"

ఐదేళ్ళుగా ఆ మాట అతని వెనక వందమంది అన్నారు. ముందుకు వచ్చి అడిగినవాళ్ళు లేరు.

అంకన్న కిందపడిన వెదురుబద్దను తీసి పక్కన పెట్టాడు. "పడేయలేదు. కాని ఆ మాట విన్నా. ఈ చెవులతో విన్నా. ఆ తరవాత నాలుగు దినాలు మీ నాయన గవిలోనుంచి పలికినాడమ్మీ. మాటలు కావు. ఊ అని, ఆ అని... బతికే ఉండాడు, ఎవరన్నా తాడు పట్టండి, నేను దిగుతా అని కాళ్ళు పట్టుకున్నా. దెయ్యమై పిలుస్తాంటే పొయ్యేదెవరన్నారు. నా తాడు ఎవరు పడతారు? నన్ను చెట్టుకు కట్టేసిరి. ఐదో దినానికి గవి ఊరకైపాయ."

సుంకులయ్య తల తిప్పుకున్నాడు. ఈదమ్మ మాత్రం కన్ను ఆర్పలేదు. తండ్రికి ఏమయిందో ఆ గవిలో ఉంది. మామ చేతులు మంచివో కావో కూడా ఆ గవిలోనే ఉంది.

"లెయ్ మామా. పొద్దు నడినెత్తికి వస్తాంది."

* * *

చరియ తల మీద చెట్లు పలచగా ఉన్నాయి. అక్కడికి చేరేసరికి మిట్టమధ్యాహ్నం. చెంచువాళ్ళు ఈ వేళకు ఈ ఛాయలకు రారు. పిట్ట కూత లేదు. ఆకు కదలడం లేదు. ఎండ తెల్లగా, మందంగా బండ మీద పడుకుని ఉంది. తమ నీడలు కూడా కాళ్ళ కింద దాక్కున్నట్టు ముగ్గురికీ అనిపించింది.

ఉన్నట్టుండి లోయలో గాలి తిరిగింది.

"ఊ... దు... లూ..."

కాళ్ళ కింది రాతిలోంచి వచ్చింది ఆ గొంతు. తడిగా, బొంగురుగా, మనిషిదిలాగే. సుంకులయ్య కాటుక డబ్బా జారి కింద పడి దొర్లుకుంటూ లోయలోకి పోయింది. అది కింద పడిన చప్పుడు ఎంతకీ వినిపించలేదు.

"గాలి" అంది ఈదమ్మ. ఆమె చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకునే ఉన్నాయి.

అంకన్న నారేపి చెట్టు బెరడుతో పేనిన ఆ పాత తాడును జానెడు జానెడు తడిమి చూశాడు. ఏపె చెట్టు మొదలుకు ఒక చుట్టు తిప్పాడు. రెండో కొస ఈదమ్మ తన నడుముకు తనే కట్టుకుంది. ఎవరి ముడి వాళ్ళే వేసుకోవాలి. అదీ కట్టే.

పచ్చిగడ్డి పొగకట్ట ముందు దిగింది. తుట్టెల మీది ఈగలు ఒక్కసారిగా నల్లటి దుప్పటి దులిపినట్టు లేచి లోయలోకి పారాయి. ఈదమ్మ గొంగడి నెత్తిన కప్పుకుని, బ్యాటరీ లైటు మెడకు తగిలించుకుంది. సుంకులయ్య ఆమె చేతిలో గోనెసంచి పెట్టాడు.

"నింపుకోని రా బంగారు తల్లీ! అడుగున ఒక్కటి కూడా మిగలగూడదు!"

ఆమె చరియ అంచున వెనక్కి తిరిగి, మామ కళ్ళలోకి ఒక్క క్షణం చూసింది. తండ్రిని పడేశాడంటున్న చేతులు అవే. వాటి మీదే బరువు మోపి ఖాళీలోకి అడుగు వేసింది.

ఒక నిలువు. రెండు. అయిదు. పది. బండ ఆమె మోచేతులను గీరింది. పొగకు కళ్ళలో నీళ్ళు కారాయి. కింద చెట్లు పచ్చిక పోచల్లా ఉన్నాయి. పదిహేనో నిలువు దగ్గర రాయి లోపలికి మాయమైంది. కాళ్ళు గాలిలో ఊగాయి. తుట్టెల మధ్య సందు చూసుకుని ఊగి, ఊగి, మూడో ఊపుకు గవి కింది పెదవి మీద బోర్లా పడింది. రెండు గుంజులు గుంజింది. తాడు ఆగింది.

లోపల చల్లగా ఉంది. తేనె వాసన, మట్టి వాసన. వాటి అడుగున ఎండిపోయిన దేనిదో ఇంకో వాసన. గుహ నిజంగా గొంతులాగే ఉంది. పెదవి దగ్గర వెడల్పు, లోపలికి పోయేకొద్దీ సన్నం. ఎక్కడో లోపలి చీలికల్లో గాలి సన్నగా ఊళ వేస్తోంది.

బ్యాటరీ లైటు వెలుగు లోపలి గోడకు తగిలింది.

ఇద్దరు మనుషులు కూర్చుని ఆమె వైపే చూస్తున్నారు.

మనుషులు కారు. రెండు అస్థిపంజరాలు. గోడకు వీపులు ఆనించి, కాళ్ళు చాపుకుని, మధ్యలో పెద్ద రాగికడవ పెట్టుకుని కాపలా కాస్తున్నట్టు కూర్చుని ఉన్నాయి. ఇద్దరి నడుములకూ తాళ్ళ ముక్కలు. కత్తితో కోసిన కొసలు. పాలెగాడి మాట కట్టుకథ కాదన్నమాట. కడవ మూతి మీద తేనెతుట్టె కట్టి, ఎండి, రాలింది. ఆ మైనంలో కడవ అంచున ఒలికిన రూకలు చిక్కుకుని మిణుకుమిణుకుమంటున్నాయి. ఆ మైనపు ముక్కలే కొన్ని నిన్నటి గాలికి గవి అంచు దాటి కిందికి దొర్లి ఉంటాయి. నిండు కడవ. చెయ్యి పెడితే మోచేతి దాకా మునుగుతుంది.

ఈదమ్మ చెయ్యి పెట్టలేదు. లైటు పక్కకు తిప్పింది.

గవి పెదవికి దగ్గరగా, ఎడమ గోడ వారన, మూడో మనిషి పడుకుని ఉన్నాడు. కుడి తొడ ఎముక రెండు ముక్కలు. పక్కన వంకీ కత్తి. దాని వెదురు పిడి మీద ఎలుక పంటి గాట్లు. చిన్నప్పుడు ఆ పిడి పట్టుకునే ఈదమ్మ నడక నేర్చుకుంది.

"నాయనా" అంది.

"ఆనా... ఆ..." అంది గవి.

తల దగ్గర గోడ వారన ఉండలు వరసగా పేర్చి ఉన్నాయి. తేనె నమిలి, పీల్చుకుని, ఉమ్మిన మైనపు ఉండలు. పంటి గుర్తులు అలాగే ఉన్నాయి. మొదట నున్నగా, గుండ్రంగా చేసి పెట్టాడు. చివరికి వచ్చేసరికి అవి ఉత్త పిడచలు. నాలుగు రోజులు. ఇక్కడ, విరిగిన కాలితో, ఆ ఇద్దరి చూపుల ముందు పడుకుని, తేనె నాకుతూ మనుషులను పిలిచాడు. మనుషులు విన్నారు. విని, దెయ్యమని చెవులు మూసుకున్నారు.

ఈదమ్మ ఏడవలేదు. ఏడుపు వస్తే చేతులు వణుకుతాయి. గొంగడి పరిచి, ఒక్కొక్క ఎముకనూ ఏరి, వంకీ కత్తితో పాటు అందులో పెట్టింది. తలను ఒడిలోకి తీసుకుని నుదుటి మీది దుమ్ము అరచేత్తో తుడిచింది. మూట కట్టి వీపుకు బిగించుకుంది. తేలికగా ఉంది. తండ్రి ఇంత తేలికని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

బయట పొగ పలచబడుతోంది. మొదటి ఈగలు తిరిగి వస్తున్నాయి. గోనెసంచి కాళ్ళ దగ్గర పడి ఉంది. కడవ వైపు ఒకసారి చూసింది. ఉన్నది ఒకటే వీపు. అది నిండింది.

గోనెసంచి నెత్తిన కప్పుకుని, నడుము ముడి ఒకసారి సరిచూసుకుని, మూడు గుంజులు గుంజింది.

తాడు బిగిసింది. కాళ్ళు లేచాయి.

తుట్టెల సందులోంచి పోతుండగా వీపు మీది మూట ఒక తుట్టెకు ఒరుసుకుంది. తుట్టె ఫెళ్ళున విరిగింది. వెచ్చటి తేనె కుండ బోర్లించినట్టు మెడ మీద నుంచి నడుము దాకా కారింది. ఈగలు హోరుమన్నాయి. మెడ మీద, చెవి మీద నిప్పురవ్వలు పడినట్టు కుట్టాయి. ఈదమ్మ పళ్ళు బిగబట్టింది. అప్పుడు నడుము దగ్గర ఏదో మెల్లగా కదిలింది.

చూస్తే ముడి. తేనెలో నానిన తాడు పాములా జారుతోంది. జానెడున్న కొస బెత్తెడయింది. బెత్తెడు వేలెడయింది. రెండు చేతులూ పైకెత్తి తాడును పట్టుకుంది. ఇక గుంజడానికి చెయ్యి లేదు. మిగిలింది నోరొక్కటే.

"మామా! ముడి వదులు! ముడి వదులు!"

గవి ఆ అరుపును గుటుక్కున మింగింది. మింగి, చివరి మాట ఒక్కటే లోయంతా వినబడేట్టు ఉమ్మేసింది.

"వదులు... వదులు... వదులూ..."

ఈదమ్మ ఒళ్ళు చల్లబడిపోయింది.

అయిదేళ్ళ కింద ఇదే చోట, ఇదే తేనె కారి, ముడి జారుతుంటే నాయన అరిచింది ఇదే. ముడి వదులవుతోంది, జాగ్రత్త అని అరిచాడు. పైనున్నవాడికి ఒక్క మాటే చేరింది. వదులు. ఆ మాట విని అంకన్న తాడు వదులు చేశాడు. ఆ కుదుపుకు ముడి ఊడి, నాయన గవి పెదవి మీద పడి కాలు విరగ్గొట్టుకున్నాడు.

పైన తాడు ఆగిపోయింది.

"వదులంటాంది!" సుంకులయ్య కేక సన్నగా వినిపించింది. "వినపళ్ళేదా? పిల్ల వదులంటాంది! వదులప్పా, వదులు! అయ్యో, ఈగలు! చచ్చితినిరో!" పరుగెత్తిపోతున్న కాళ్ళ చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు.

అరిస్తే గవి మళ్ళీ అదే అంటుంది. ఈదమ్మ పెదవులు కొరుక్కుని మౌనంగా వేలాడింది. ఒకటి. రెండు. మూడు. తాడు జారే క్షణం కోసం ఒళ్ళంతా చెవులు చేసుకుంది. కింద చెట్ల తలలు మెల్లగా తిరుగుతున్నాయి. ముడి పూర్తిగా ఊడి కొస తొడ మీద కొట్టుకుంది.

అప్పుడు పైనుంచి ఒక గొంతు వచ్చింది. ఐదేళ్ళుగా గొణుగుడు తప్ప బయటికి రాని గొంతు.

"వదలను! చచ్చినా వదలనుపో! నువ్వెంత అరిచినా వదలనే గవీ!"

తాడు ఒక్క కుదుపున మూరెడు లేచింది. ఈదమ్మ కాలికి తాడు మెలి వేసుకుంది, పళ్ళతో కరిచి పట్టుకుంది. ఇంకో మూరెడు. ఇంకోటి. బండ మీద మోకాళ్ళు చెక్కుకుపోయాయి. కళ్ళు వాచి మూసుకుపోతున్నాయి. నోట్లో తేనె, నెత్తురు కలిసిన రుచి. చివరికి ఒక చెయ్యి ఆమె చొక్కా మెడ దొరకబుచ్చుకుని చరియ మీదికి ఈడ్చింది.

ఇద్దరూ చేతులూ కాళ్ళూ ఆడించుకుంటూ ఈగల నుంచి దూరంగా పాకి, తుప్పల్లోని మడుగులో పడ్డారు. హోరు తగ్గేదాకా ముక్కులు మాత్రమే పైకి పెట్టుకుని ఉన్నారు.

"మామా, ఎందుకు వదల్లేదు?" అని ఈదమ్మ వాచిన పెదవులతో అడిగింది.

అంకన్నకు ఊపిరి అందడం లేదు. "తాడు మీద మనిషి వదులు అంటాడా అని జనం ఐదేండ్లు నా మొగాన ఉమ్మినారు గదా. ఈ పొద్దు అదే అనుకున్నా. ఎవరూ అనరు. ఆ మాట నీది కాదు, గవిది అనుకున్నా."

"నాదే మామా." ఆమె అతని మణికట్టు పట్టుకుంది. "నేనే అంటి. నాయన గూడా ఇదే అన్నాడు. ముడి వదులు అన్నాడు. ముడి అనే మాట గవి మింగేసింది. నీకు వినపడింది నిజమే. నువ్వు అబద్ధం చెప్పలా."

అంకన్న ఆమె వైపు వెర్రిగా చూశాడు. పెదవులు కదిలాయి. ముడి వదులు, ముడి వదులు అని లోలోపల అనుకుంటున్నాడు. ఉన్నట్టుండి మోకాళ్ళ మీదికి వంగి, నీళ్ళలో ముఖం దాచుకుని, భుజాలు అదిరేలా ఏడ్చాడు. ఆమె ఆపలేదు. వీపు మీది మూట విప్పి అతని ఒడిలో పెట్టింది.

చాలాసేపటికి సుంకులయ్య తుప్పలు తప్పించుకుంటూ వచ్చాడు. ఒక చెవి అప్పడంలా ఉబ్బింది. మూట చూడగానే కళ్ళు వెలిగాయి. లోపల ఉన్నది చూశాక ఆరిపోయాయి.

"కడవ... కడవ లేదా పిల్లా?"

"ఉంది. నిండుగా ఉంది. ఇద్దరు కావలి కూర్చోనుండారు. దిగి తెచ్చుకో." ఈదమ్మ చరియ వైపు చెయ్యి చూపింది. "మామ తాడు పడతాడు. ముడి మాత్రం నువ్వే వేసుకోవల్ల."

గాలి తిరిగింది. రాతిలోంచి బొంగురుగా ఆ గొంతు మళ్ళీ పలికింది.

సుంకులయ్య చరియ వైపు చూశాడు, లోయ వైపు చూశాడు. రొంటిన మిగిలిన రెండు నిమ్మకాయలు తీసి భక్తిగా బండ మీద పెట్టి, దండం పెట్టి, ఆత్మకూరు దారి పట్టాడు.

* * *

పొద్దు వాలే వేళకు ఇద్దరూ గూడెంలో అడుగు పెట్టారు. ముందు ఈదమ్మ. వెనక, మూటను పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని అంకన్న. గూడెం పొలిమేర దగ్గర అతని కాళ్ళు ఆగిపోయాయి. ఈదమ్మ చొక్కా పట్టుకుని లాగింది.

కుక్కలు మొరిగాయి. "మగరాయుడు వచ్చె! మొగం చూడండే, గుమ్మడికాయ మాదిరి!" అని ఎవరో నవ్వబోయి వెనక ఉన్నవాణ్ణి చూసి ఆగారు. పొయ్యిల దగ్గర ఆడవాళ్ళు లేచారు. పెద్దలు కర్రలు అందుకున్నారు.

పోలమ్మ గుడిసె ముందు గడ్డలు చెక్కుతోంది. తల ఎత్తింది. కూతురి ముఖం చూసింది. తమ్ముడి చేతుల్లోని మూట చూసింది. గొంగడి చిరుగులోంచి వెదురు పిడి బయటికి కనిపిస్తోంది. ఆమె చేతిలో కత్తి కింద పడింది. నేల మీదే కూలబడింది.

"గవిలోనే ఉండాడమ్మా" అంది ఈదమ్మ. జరిగింది జరిగినట్టు చెప్పింది. తేనె కారడం, ముడి జారడం, తను అరిచింది, గవి పలికింది. గట్టిగా, గూడెమంతా వినేలా చెప్పింది. నాలుగు రోజుల మైనపు ఉండల సంగతి చెప్పేటప్పుడు పెద్దల్లో ఒకాయన కర్ర నేల మీద పెట్టి ముఖం తిప్పుకున్నాడు. ఆ నాలుగు రోజులూ అంకన్నను చెట్టుకు కట్టి కాపలా కాసింది ఆయనే.

పోలమ్మ మూటను ఒడిలోకి తీసుకుని కళ్ళు మూసుకుని ఊగుతోంది. తరవాత కళ్ళు తెరిచి కూతురిని అడిగింది.

"ముడి ఊడినాక నిన్నెవరు లాగిరి?"

"మామ. ఒక్కడే. సుంకులయ్య పారిపాయ."

పోలమ్మ అప్పుడు తమ్ముడి వైపు తల తిప్పింది. ఐదేళ్ళ తరవాత మొదటిసారి చూసింది. గుర్తుపట్టడానికి వీల్లేకుండా ఉంది ఆ ముఖం. కళ్ళు పూడిపోయాయి. నుదురు, బుగ్గలు, పెదవులు, చెవులు అంతటా నల్లటి ముళ్ళు. వందకు పైనే ఉంటాయి. రెండు చేతులూ తాడు మీద ఉన్నవాడు ఒక్క ఈగను కూడా తోలుకోలేదు.

ఆమె మూటను జాగ్రత్తగా చాప మీద పడుకోబెట్టింది. లేచింది. అంకన్న భయంతో వెనక్కి ఒక అడుగు వేశాడు.

"యాడికి పోతావు? కూకో" అంది పోలమ్మ.

అతను ఉన్నచోటే కూలబడ్డాడు. ఆమె ఎదురుగా కూర్చుని, గడ్డం కింద వేలు పెట్టి అతని ముఖాన్ని పొద్దు వెలుగు వైపు తిప్పింది.

"కదలాకురా" అని, గోళ్ళతో ఒక్కొక్క ముల్లూ తీయడం మొదలుపెట్టింది.